దీపాలదిన్నె దస్తావేజులు: అమరావతి స్థానిక చరిత్ర పత్రాగారం

కృష్ణానది దక్షిణ తీరాన, నేటి పల్నాడు జిల్లాలో, అమరావతి ఒక చిన్న ఊరు. నది ఒడ్డున అమరేశ్వరాలయం, దానిని ఆనుకొని రేవు, బజారు వీధులు, పడమటి దిక్కున ధరణికోట పాత మట్టిగోడలు, ఊరి అంచున గడ్డి మొలచిన ఒక వర్తులాకారపు వేదిక. ఆ వేదికయే మహాచైత్యం ఉన్న స్థలం. 2015లో నదికి దిగువన శంకుస్థాపన జరిగిన రాష్ట్ర రాజధానికి కూడా ఈ ఊరి పేరే పెట్టారు. నాటినుండి గ్రంథాలయ సూచికలలోనూ వార్తాపత్రికల సంపుటాలలోనూ "అమరావతి" అన్న శీర్షిక కింద ఊరి విషయమూ రాజధాని విషయమూ కలసిపోతున్నాయి. పేరు పెరిగిన కొద్దీ ఊరి చరిత్రను వెదకడం కష్టమవుతున్నది.

ఈ ఊరి చరిత్రకు ఆధారాలు తక్కువేమీ కావు. ఆంధ్రదేశంలో ఇన్ని శాసనాలు, ఇన్ని చిత్రాలు, ఇన్ని తవ్వకపు నివేదికలు గల చిన్న ఊళ్లు అరుదు. అయితే అవి ఒకచోట లేవు. శిల్పాలు చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో, లండన్ బ్రిటిష్ మ్యూజియంలో, కోల్‌కతా, దిల్లీ, పారిస్ మ్యూజియాలలో ఉన్నాయి. కొన్ని ఊరిలోనే, 1951లో నెలకొల్పిన పురావస్తు ప్రదర్శనశాలలో మిగిలాయి. చిత్రపటాలు బ్రిటిష్ లైబ్రరీలో, కైఫియత్తులు ప్రాచ్యలిఖిత గ్రంథాలయాలలో, భూమి లెక్కలు రెవెన్యూ కార్యాలయాలలో ఉన్నాయి. ఇట్టి ఊరిలో స్థానిక చరిత్ర పత్రాగారం ఏ విధంగా ఏర్పడాలి, ఏమి భద్రపరచాలి అన్న ప్రశ్నకు జవాబు ఆ ఆధారాలు చెదరిపోయిన తీరులోనే దొరుకుతుంది. అమరావతి పోగొట్టుకున్నది రాళ్లను మాత్రమే అయితే నష్టం ఇంత ఉండేది కాదు. ఏ రాయి ఎక్కడ నిలిచి ఉండేదో తెలిపే వివరం పోవడమే పెద్ద నష్టం. ఆ వివరాన్ని ఎంతో కొంత తిరిగి ఇవ్వగలిగినవి కాగితాలే.

రాతిపై తొలి పద్దులు

ధాన్యకటకపు తొలి పత్రాగారం మహాచైత్యమే. వేదికా స్తంభాలపై, సూచీలపై, ఉష్ణీషాలపై, చైత్యపు మేధిని కప్పిన ఫలకాలపై ప్రాకృత భాషలో, బ్రాహ్మీ లిపిలో దాతల పేర్లు చెక్కబడ్డాయి. గృహపతులు, వణిజులు, గంధికులు, భిక్షువులు, భిక్షుణులు, ఉపాసికలు అందులో కనిపిస్తారు. విధికుడనే చర్మకారుడు తన కుటుంబంతో కలిసి పూర్ణఘట ఫలకాన్ని దానమిచ్చినట్లు ఒక శాసనం చెబుతున్నది. నిర్మాణ పర్యవేక్షణ వహించిన నవకర్మికుని ప్రస్తావన మరొకచోట ఉన్నది. వాసిష్ఠీపుత్ర పులుమావి కాలపు శాసనం శాతవాహన రాజ్యంతో చైత్యానికి గల కాలసంబంధాన్ని నిర్ణయిస్తుంది. ఇక్కడ చైతిక నికాయపు ఉనికి తెలిసేది కూడా ఈ దానలేఖల వల్లనే.

ఈ లేఖలను పద్దులుగా చదివితే వాటి విలువ మరింత స్పష్టమవుతుంది. ఎవరు, ఎవరి బిడ్డ, ఎవరితో కలిసి, ఏమి ఇచ్చారు అన్న నాలుగు అంశాలు చాలావాటిలో ఉంటాయి. ఐదవ అంశమైన "ఎక్కడ" అన్నది రాసి ఉండదు. రాయి తన చోటనే నిలిచి ఉన్నంతకాలం దానిని రాయవలసిన అవసరం లేకపోయింది. దక్షిణ ద్వారం వద్ద నిలిపిన స్తంభానికి ఆ ద్వారమే చిరునామా. రాయిని పెకలించిన నాడు ఆ పద్దులో ఐదవ వంతు చెరిగిపోయినట్లే.

మహాచైత్యం తన రూపాన్ని కూడా తానే నమోదు చేసుకున్నది. మేధి ఫలకాలలో అనేకం చైత్యపు ప్రతిరూపాలే. అండం, ఆయక స్తంభాలు, సింహాలు కాపుండే ద్వారాలు, వేదిక, ప్రదక్షిణ చేసే భక్తులు, అన్నీ వాటిలో ఉన్నాయి. సుమారు 50 మీటర్ల వ్యాసం గల ఆ కట్టడం ఎట్లుండేదో నేడు ఊహించగలగడం ఈ ఫలకాల వల్లనే. ఒకే ఫలకానికి ఇరువైపులా రెండు కాలాల శిల్పం ఉన్న ఉదాహరణ కూడా బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నది. ఒకవైపు బోధివృక్షాన్ని పూజించే పూర్వశిల్పం, మరొకవైపు కొన్ని శతాబ్దుల తరువాత చెక్కిన స్తూపచిత్రం. పాతదానిని పారవేయక వెనుకకు తిప్పి మళ్లీ వాడుకున్నారు. ఒక్క ముఖాన్ని మాత్రమే చూపి గోడకు బిగిస్తే ఇటువంటి సాక్ష్యం కంటికి అందదు.

పరదేశాలలో నిలిచిన జ్ఞాపకం

చైత్యం క్షీణించిన తరువాత దానిని ఎవరూ తలచలేదనుకోవడం సరికాదు. 1182లో కోట వంశపు రెండవ కేతరాజు వేయించిన శాసనం అమరేశ్వరాలయంలోని స్తంభంపై ఉన్నది. అది ధాన్యకటకంలోని అమరేశ్వరుని, అక్కడే వెలసిన అత్యున్నతమైన బుద్ధచైత్యాన్ని కలిపి పేర్కొంటూ బుద్ధదేవునికి చేసిన దానాలను తెలుపుతున్నది. శివాలయ స్తంభమే బౌద్ధచైత్యానికి సాక్ష్యం పలుకుతున్నది. ఊరి పత్రాగారాన్ని మతాలవారీగా గదులు కట్టి విడదీయరాదనడానికి ఇంతకన్న వేరే దృష్టాంతం అక్కరలేదు.

సింహళంలోని గడలాదెణియ విహారపు 1344 నాటి శాసనంలో ధర్మకీర్తి స్థవిరుడు ధాన్యకటకంలోని రెండంతస్తుల ప్రతిమాగృహాన్ని పునరుద్ధరించినట్లున్నది. ఈ ఊరిలోని ఒక బౌద్ధ కట్టడానికి జరిగిన మరమ్మతుకు ఆధారం సముద్రానికి ఆవల లభించింది. టిబెట్టు సంప్రదాయం బుద్ధుడు కాలచక్ర తంత్రాన్ని మొదట ధాన్యకటక చైత్యం వద్ద ఉపదేశించాడని విశ్వసిస్తుంది. 1416లో లాసా సమీపాన స్థాపితమైన డ్రెపుంగ్ విహారపు పేరుకు "వరికుప్ప" అని అర్థం. ధాన్యకటక నామమే ఆ రూపంలో హిమాలయాల కావల స్థిరపడింది. 2006 జనవరిలో దలైలామా ఇక్కడ కాలచక్ర దీక్ష నిర్వహించినప్పుడు ఆ జ్ఞాపకం పుట్టినచోటికి తిరిగి వచ్చింది. ఆనాటి కరపత్రాలు, ఛాయాచిత్రాలు, యాత్రికులకు వసతి కల్పించిన ఇళ్లవారి అనుభవాలు కూడా నేడు చరిత్రాధారాలే. ఇరవై ఏళ్ల కిందటి కాగితం రెండువేల ఏళ్ల కిందటి రాతికన్న త్వరగా నశిస్తుంది.

దీపాలదిన్నె

18వ శతాబ్ది చివరి దశాబ్దంలో జమీందారు వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు చింతపల్లి నుండి తన నివాసాన్ని ఇక్కడికి మార్చి, అమరేశ్వరాలయం చుట్టూ కొత్త ఊరిని నిర్మింపజేశాడు. కట్టడాలకు రాయి కావలసి వచ్చింది. ఊరివారు దీపాలదిన్నె అని పిలిచే ఒక మట్టిదిబ్బలో చెక్కడపు రాళ్లు ఉన్నాయి. పలనాటి సున్నపురాతిపై చెక్కిన ఆ ఫలకాలు మెట్లకు, గోడలకు, సున్నపు బట్టీలకు చేరాయి.

ఆ వార్త విని వచ్చిన కాలిన్ మెకంజీ ఆనాటికే కొంత ధ్వంసాన్ని చూశాడు. తిరిగి 1816లో, సర్వేయర్ జనరల్ హోదాలో, సహాయకులతో వచ్చేసరికి దిబ్బ నడిభాగాన్ని చెరువుగా తవ్వివేశారు. అప్పటికి మిగిలిన దానిని ఆ బృందం కొలిచి, పటాలు గీచి, శిల్పాలను ఒక్కొక్కటిగా చిత్రించింది. 80కి పైగా పత్రాలతో కూడిన ఆ చిత్రసంపుటికి మూడు ప్రతులు తయారై కలకత్తా, మద్రాసు, లండను నగరాలకు చేరాయి. ఆ చిత్రాలలో కనబడే శిల్పాలలో అనేకం నేడు ఏ మ్యూజియంలోనూ లేవు. అవి మిగిలినది కాగితం మీదనే.

మెకంజీ ఈ కట్టడాన్ని జైనుల నిర్మాణమని భావించాడు. 1807లో ప్రచురితమైన ఆయన వ్యాసం జైన కట్టడాల వర్ణనగానే వెలువడింది. వ్యాఖ్యానం పొరపాటైనా చిత్రాలు పనికిరాకుండా పోలేదు. కారణం, ఆ చిత్రకారులు తమకు అర్థమైనదానిని కాక కంటికి కనిపించినదానిని గీచారు. అర్థం తెలియని గుర్తులను కూడా వదలలేదు. ఆయన మరణానంతరం 1823లో వెలువడిన వ్యాసపు శీర్షికలో అమరావతి, ధరణికోటలతోపాటు దీపాలదిన్నె పేరు కూడా ఉన్నది. ఊరివారి నోట ఉన్న మాటను విన్నది విన్నట్లు రాసుకోవడం వల్ల ఆ పేరు అచ్చులోకి ఎక్కింది. కేతరాజు నాటి శాసనం బుద్ధునికి అర్పించిన దీపాలను పేర్కొన్నదని గుర్తు చేసుకుంటే, దిబ్బకు ఊరివారు పెట్టుకున్న ఆ పేరును కూడా ఒక దస్తావేజుగానే భద్రపరచాలని తోస్తుంది.

కవిలె కట్టలు

మెకంజీ సేకరణలో మరొక భాగం గ్రామ కైఫియత్తులు. ఏలూరుకు చెందిన కావలి సోదరులు బొర్రయ్య, లక్ష్మయ్య, వారితో పనిచేసిన ఇతరులు ఊరూరా తిరిగి కరణాల వద్దనున్న కవిలెలను, ఆలయ శాసనాలను, పెద్దల మాటలను ఆధారం చేసుకొని ఒక్కొక్క గ్రామపు వృత్తాంతాన్ని రాయించారు. 1821లో మెకంజీ మరణించాక ఆ సేకరణ ఈస్టిండియా కంపెనీ వశమైంది. దక్షిణాది భాషల లిఖితాలు కాలక్రమేణ మద్రాసుకు చేరాయి. శిథిలమవుతున్న తెలుగు కైఫియత్తులకు సి.పి. బ్రౌన్ శుద్ధప్రతులు రాయించి సంపుటాలుగా కట్టించాడు. నేటి పరిశోధకులు చదువుతున్నది అధికభాగం ఆ ప్రతులనే.

కైఫియత్తు పుట్టుక ఒక విషయాన్ని తెలుపుతున్నది. పత్రాగారం అనే మాట వినకముందే ఊరికి పత్రాగారం ఉండేది. అది కరణం ఇంటి అటక. మాన్యాలు, సరిహద్దులు, చెరువు కట్టల మరమ్మతులు, కరవు సంవత్సరాలు, వంశానుక్రమాలు ఆ కట్టలలో ఉండేవి. 1984లో ఆంధ్రప్రదేశ్‌లో వంశపారంపర్య గ్రామాధికార వ్యవస్థ రద్దయింది. పాలన దృష్టితో ఆ నిర్ణయానికి తగిన కారణాలు ఉన్నాయి. అయితే ప్రభుత్వ లెక్కలు కార్యాలయాలకు చేరినప్పుడు, వాటితోపాటు అటకమీద ఉన్న పాత కట్టలను అడిగినవారు తక్కువ. ఇల్లు మరమ్మతు చేసినప్పుడో, వారసులు పట్నం చేరినప్పుడో అవి పాతకాగితాల బండిలోకి వెళ్లాయి. అమరావతి, ధరణికోట పరిసరాలలో పత్రాగారం ఏర్పరచదలచినవారు మొదట తట్టవలసిన తలుపులు ఆ ఇళ్లవే. ఏ చేను పాత దిబ్బగా ఉండేది, ఏ బావి రాయి ఎక్కడినుండి వచ్చింది వంటి వివరాలకు పాత సర్వే పటాలు, ఇనాం రిజిస్టర్లు, ఇంటి దస్తావేజులు తోడ్పడతాయి.

చోటు కోల్పోయిన రాళ్లు

1845లో వాల్టర్ ఎలియట్ దిబ్బలో కొంతభాగం తవ్వించి శిల్పాలను మద్రాసుకు పంపాడు. తన తవ్వకానికి పూర్తి నివేదికను ఆయన ప్రకటించలేదు. ఆ రాళ్లు చాలాకాలం ఆరుబయట ఉన్నాయి. 1858లో లిన్నేయస్ ట్రైప్ మద్రాసు మ్యూజియంలో వాటి ఛాయాచిత్రాలు తీశాడు. మరుసటి ఏడాది 120కి పైగా శిల్పాలు లండనుకు ఓడనెక్కాయి. అక్కడ కూడా అవి కొన్నేళ్లు పట్టించుకొనేవారు లేక పడి ఉండగా జేమ్స్ ఫెర్గుసన్ వాటిని గుర్తించి, మెకంజీ చిత్రసంపుటితో పోల్చి, 1868లో గ్రంథం ప్రకటించాడు. 1880లో అవి బ్రిటిష్ మ్యూజియానికి బదిలీ అయ్యాయి. రాళ్లకు పోయిన చిరునామాలో కొంతభాగాన్నైనా తిరిగి చెప్పగలిగినది దశాబ్దాల కిందట గీచిన చిత్రమే.

1877లో రాబర్ట్ సూయెల్ తాను తవ్విన భాగంలో దొరికిన రాళ్ల స్థానాలను పటంపై గుర్తించాడు. ఆయన నివేదిక 1880లో వెలువడింది. అదే కాలంలో మద్రాసు గవర్నరు బకింగ్‌హామ్ డ్యూకు ఆదేశంతో స్థలాన్నంతా తవ్వి శుభ్రపరిచే పని సాగింది. 1881 చివర జేమ్స్ బర్జెస్ వచ్చేసరికి చైత్యస్థానంలో ఒక పెద్ద గొయ్యి, దాని చుట్టూ ఫలకాలు ఉన్నాయి. ఏ ఫలకం ఎక్కడ దొరికిందన్న లెక్క లేదు. ఆ పని దుర్బుద్ధితో జరిగినది కాదు. శిల్పాలను వెలికి తీసి చూపాలన్న ఉత్సాహంతోనే జరిగింది. చైత్యానికి సున్నపు బట్టీలు చేసిన హానికి, లెక్కలేని ఈ తవ్వకం చేసిన హానికి ఫలితంలో పెద్ద భేదం లేదు.

ఆ తరువాత వివాదం ఫలకాలను ఎక్కడ ఉంచాలన్నదానిపై నడిచింది. ప్రాచీన కట్టడాల క్యూరేటరు హెచ్.హెచ్. కోల్ శిల్పాలను స్వస్థలంలోనే ఉంచాలని వాదించాడు. రక్షణ లేని చోట అవి నశిస్తాయని బర్జెస్ వాదం. ఫలకాలు మద్రాసు చేరాయి. ఇరువురి మాటలోనూ సత్యం ఉన్నది. స్వస్థలంలో వదిలిన రాళ్లకు అపాయం ఉండేది, తరలించిన రాళ్లకు సందర్భం పోయింది. తరలింపుకు ముందు ప్రతి ఫలకపు స్థానాన్ని కొలిచి రాసి ఉంటే ఆ రెండవ నష్టం చాలావరకు తప్పేది.

అనంతరం అలెగ్జాండర్ రే 1888 నుండి 1909 వరకు పలు దఫాలుగా తవ్వించాడు. సి. శివరామమూర్తి మద్రాసు శిల్పాలపై 1942లోను, డగ్లస్ బారెట్ లండను శిల్పాలపై 1954లోను గ్రంథాలు ప్రకటించారు. 1958-59లో ఆర్. సుబ్రహ్మణ్యం, 1973-74లో ఐ.కె. శర్మ జరిపిన తవ్వకాలు చైత్యపు తొలిదశను శాతవాహనులకు పూర్వకాలానికి తీసుకువెళ్లాయి. చెదరిన స్థలంలో కూడా పొరలను గమనిస్తూ తవ్వితే ఎంత తెలుస్తుందో ఆ పని నిరూపించింది.

పత్రాగారంలో మొదటి పుస్తకం

పై చరిత్రనుబట్టి అమరావతి పత్రాగారంలో మొదట తయారు కావలసినది ఒక సమన్వయ పట్టిక. ఒకే ఫలకానికి మెకంజీ సంపుటిలో ఒక పత్రసంఖ్య, ఎలియట్ సేకరణలో ఒక సంఖ్య, బర్జెస్ గ్రంథంలో ఒక చిత్రఫలకం, మ్యూజియంలో ఒక నమోదు సంఖ్య ఉంటాయి. పరిశోధకుడు వీటిని ప్రతిసారీ కొత్తగా కలుపుకోవలసి వస్తున్నది. ప్రతి శిల్పానికి ఒక పుట కేటాయించి, అది ఎప్పుడు, ఎవరికి, ఎక్కడ కనబడింది, ఎవరు గీచారు, ఎవరు ఛాయాచిత్రం తీశారు, ఇప్పుడెక్కడున్నది అన్న వివరాలను వరుసగా రాస్తే, దేశాంతరాలలోని శిల్పాలు కనీసం కాగితంపై తమ ఊరికి చేరుతాయి. మెకంజీ చిత్రసంపుటి ఇప్పుడు డిజిటల్ రూపంలో అందుబాటులో ఉన్నందున ఈ పనికి లండను ప్రయాణం అవసరం లేదు. పాలీ, ప్రాకృత పరిచయం గల భిక్షువులు దానలేఖల పఠనంలోను, సింహళ, టిబెటన్ ఆధారాల సేకరణలోను చేయగల సాయం పెద్దది.

రెండవది యాక్సెషన్ రిజిస్టరు. ఏ వస్తువు వచ్చినా తేదీ, ఇచ్చినవారి అనుమతి, అది అంతవరకు ఉన్న చోటు, దానిని గురించి వారు చెప్పిన మాట, ఈ నాలుగింటిని ఆనాడే రాయాలి. "తరువాత రాద్దాం" అనుకున్న వివరం ఎలియట్ రాళ్లవలె చోటు కోల్పోతుంది. చెప్పినవారి మాటను సవరించక, వ్యాఖ్యను వేరే గడిలో ఉంచాలి. ఇచ్చేవారు మూలప్రతిని విడువ ఇష్టపడకపోతే నకలు తీసుకొని మూలాన్ని వెంటనే తిరిగి ఇవ్వాలి. కుటుంబ భూవివాదాలకు సంబంధించిన పత్రాలను అందరి ముందు పెట్టకుండా కాలపరిమితి నిర్ణయించడం కూడా నమ్మకానికి అవసరం.

భద్రపరచే విధానం

నదీతీరపు ఊళ్లలో కాగితానికి మొదటి శత్రువు చెమ్మ, రెండవది పురుగు. గోడకు ఆనించి బీరువాలు పెట్టరాదు. నేలకు ఎత్తుగా, గాలి ఆడేటట్లు ఉంచాలి. చినిగిన పత్రాలకు పారదర్శక జిగురు టేపు అంటించడం చేటు. కొన్నేళ్లకు అది పసుపుబారి అక్షరాలను తినివేస్తుంది. ఇనుప గుండుసూదులు, క్లిప్పులు తీసి, ఆమ్లరహిత కాగితపు మడతలలో పత్రాలను పరచి ఉంచాలి. తాటాకు గ్రంథాలను మెత్తని కుంచెతో దులిపి, అవసరమైతే నిపుణుల సలహాతో నిమ్మగడ్డి నూనె పూసి, చెక్కల మధ్య వదులుగా కట్టి, నూలుబట్టలో చుట్టాలి. శాసనాల నకళ్లు తీసే పని పురావస్తు శాఖ అనుమతితో, శిక్షణ పొందినవారి చేతనే జరగాలి. పలనాటి సున్నపురాయి పెళుసైనది. పదేపదే రుద్దితే అక్షరం అరుగుతుంది.

డిజిటల్ ప్రతి తీసినంత మాత్రాన పని ముగియదు. దస్త్రానికి అర్థమయ్యే పేరు, అందులో ఏమున్నదో తెలిపే వివరం, ఏటా ఒకసారి తెరచి సరిచూసే అలవాటు ఉండాలి. ప్రతులు మూడుచోట్ల ఉండడం మేలు. ఒకటి ఊరిలో, ఒకటి జిల్లా కేంద్రంలో లేదా విశ్వవిద్యాలయంలో, ఒకటి దూరాన మరొక సంస్థలో. మెకంజీ చిత్రాలు నిలిచినది ఈ పద్ధతివల్లనే. అయితే ఆ మూడు ప్రతులలో ఒక్కటీ అమరావతిలో ఉండలేదు. చిత్రంలోని శిల్పాన్ని చూసి "ఇది మా వీధి గట్టు మీది రాయి" అనగలిగినవారు ఆ ఊరివారే. వారి కంట పడే అవకాశం ఆ సంపుటికి ఆనాడు కలగలేదు.

చిన్న ఊరి పత్రాగారానికి పెద్ద భవనం అవసరం లేదు. ఒక పొడి గది, ఒక రిజిస్టరు, తరచి అడిగే ఓపిక, రాసినదానిని పదిమందికి చూపే అలవాటు చాలు. విధికుడు తన దానాన్ని రాతిపై రాయించినప్పుడు ఆ రాయి కదలదని నమ్మాడు. ఆ రాయి కదిలింది, పేరు నిలిచింది. ఆ పేరును అతని ఊరితో తిరిగి జతచేసే పుట ఒకటి అమరావతిలో ఉండడం ఆ దానానికి చేయదగిన సత్కారం.